నాలుగో కాన్పు లెక్క

శుక్రవారం, దాజీ పేట్

ఇంకా కోపం చల్లారలే. రేపు గణితం పరీక్ష అని వంటింట్ల కూసోని సంభావ్యత లెక్కలు చేస్తుంటి. ఒకదాంట్ల గిట్ల అడిగిన్రు: ఒకామెకు ముగ్గురు ఆడపిల్లలు, నాలుగోసారి మగపిల్లగాడు పుట్టే అవకాశమెంత? మా ఇంటి ముచ్చటనే తెచ్చి పుస్తకంల పెట్టినట్టున్నది.

అమ్మకిప్పుడు ఐదో నెల. మేం ముగ్గురం ఆడపిల్లలమే. చిన్న చెల్లె కాన్పులనే అమ్మ చావుదాకా పోయొచ్చింది. ఇంక పిల్లలు వద్దని డాక్టరమ్మ గట్టిగ చెప్పింది. నాయనమ్మ వింటదా? ఇయ్యాల జొన్న భాకరీలు కాలుస్తున్న అమ్మతోని, "మూడుసార్లు ఆడపిల్లలే అయిరి, ఈసారి పక్కా పోరడే" అన్నది.

నాకు మండిపోయింది.

"ముందుగాల ఎవరు పుట్టిన్రో దానితోని సంబంధం లేదు నాయనమ్మా. ఎన్నోసారైనా సగానికి సగమే" అన్న.

"నీ నోట్ల మంచి మాట రాదు" అని ఆమె లేచిపోయింది.

అప్పుడే మగ్గాలు బంద్ చేసి వచ్చిన బాపు అంతా విన్నడు. ఏం విననట్టే చేతులు కడుక్కొని తినటానికి కూసున్నడు. నాయనమ్మ మీదికంటె ఆయన మీదనే నాకు ఎక్కువ కోపమొచ్చింది.

బాపు తిని పోయినంక అమ్మ నా పక్కన కూసున్నది. పుస్తకం దిక్కు చూసుకుంట మెల్లగ అడిగింది.

"సగం అంటే, బిడ్డా, సగమైతే ఉన్నట్టే గదా?"

అవునన్న. ఇంకేమంట?

అమ్మ ఈ కాన్పు నుంచి బతికి బయటపడుతదా అని మాత్రం ఇంట్ల ఎవ్వరూ అడుగుతలేరు. నేను గూడ అడగలే.