కాంటా మీద 4.2

జిన్నారం, 6 జూలై 2001

కంప్యూటర్ కంపెనీ పెద్దలకు, మందుల ఫ్యాక్టరీల లారీల కాంటా చూసే మొగులయ్య దండం పెట్టి రాయునది.

మంగళారం మీ మనిషొచ్చి మా కంప్యూటర్ల చీటీలు అచ్చేసే టూలు మార్చిపోయిండు. అది మీరు చేసింది గాదట, వేరే కంపెనోళ్లదట. మొదలు మీరిచ్చిన కాయితం మీద దాని నంబరు 4.1. ఇప్పుడు 4.2. అప్పటిసంది తెర మీద 9.480 టన్నులుంటే చీటీ మీద 9 ఒక్కటే పడుతుంది. బొగ్గు లారీలోళ్లు "మిగిలింది నువ్వు మింగినవా తాతా?" అంటున్నరు. ఇరవై ఆరేండ్లల నన్ను దొంగ అన్నోడు లేడు. జల్దీ పాత నంబరు పెట్టుండ్రి.

ఇట్లు, మొగులయ్య (వేలిముద్ర గాదు, సంతకం)

మళ్లీ: బొగ్గు మింగితే పండ్లు నల్లగైతయి గదరా అని నోరు తెరిచి చూపించిన. పండ్లేవి అన్నరు.

హైదరాబాద్, 11 జూలై

గౌరవనీయులు మొగులయ్య గారికి, సర్వీసు విభాగం నుంచి సత్తిబాబు నమస్కారాలు.

పెద్ద వయసువారికి కంప్యూటరంటే బెరుకు సహజమే. 4.1 కన్నా 4.2 పెద్దది, కనుక మెరుగైనది. పైగా ఆ టూలు మాది కాదు, దాని తప్పొప్పులతో మాకు సంబంధం లేదు. ఒకసారి కంప్యూటరు ఆపి మళ్లీ వేయండి.

భవదీయుడు, సత్తిబాబు

తా.క.: ప్రింటరులో సిరా అయిపోయిందేమో చూడండి, బాబాయ్ గారూ.

జిన్నారం, 16 జూలై

సత్తిబాబుకు మొగులయ్య రాయునది.

నేను నీకు బాబాయిని గాను. సిరా ప్రతి లారీకి చుక్క కాడనే అయిపోతదా? నంబరు పెద్దగుంటే మంచిదనేటోణ్ని మా కాంటకాడ దొంగంటరు. మేము ఒక్క బోల్టు మార్చినా, తూనికల ఇన్‌స్పెక్టరు రాళ్లు పెట్టి తూచి సీలు కొట్టినంకనే లారీ ఎక్కనిస్తం. మీరు పరాయోళ్ల సామాను తెచ్చి పెట్టిండ్రు, ఒక్క రాయన్న తూచి చూసిండ్రా? టూలు ఎవనిదైతేంది, పెట్టిన చెయ్యి మీది.

ఇట్లు, మొగులయ్య

మళ్లీ: ఖాళీ కాంటా మీద నేనే నిలబడ్డ. తెర మీద 0.060, అంటే అరవై కిలోలు, చీటీ మీద సున్నా. మా ఇంటామె సత్తెమ్మకు చూపిస్తే, "ముప్పై ఏండ్లసంది నేను చెప్తున్నది గదే" అన్నది.

హైదరాబాద్, 24 జూలై

పూజ్యులు మొగులయ్య గారికి, సత్తిబాబు సిగ్గుపడుతూ రాయునది.

మీరు చెప్పిందే నిజం, తప్పు మాదే. 4.2 చుక్క తర్వాతి అంకెలను కోసేస్తోంది. మేం పరీక్షించకుండానే అందరికీ పంచాం. ఏ ఊళ్లో ఏ నంబరు పెట్టామో మా దగ్గర రాత కూడా లేదు. సోమవారం మా మనిషి వచ్చి మళ్లీ 4.1 పెడతాడు.

మీ విధేయుడు, సత్తిబాబు

తా.క.: మీ ఉత్తరాలు మా మేనేజరు పైకి చదివించారు. "దొంగ" దగ్గర నన్ను ఆపి, రెండోసారి చదవమన్నారు.

జిన్నారం, 3 ఆగస్టు

సత్తిబాబుకు మొగులయ్య దీవెనలు.

నీ ఉత్తరం జిరాక్స్ తీయించి కాంటా గది తలుపుకు అంటించిన. డ్రైవర్లు చదివిండ్రు. ఐలన్న అనేటోడు నా చేతులు పట్టుకొని "తప్పైంది తాతా" అన్నడు. మా మేనేజరు గూడ సంతోషపడతడని తీసుకపోయి చూపించిన. "నిన్నెవడు రాయమన్నడు? బొగ్గు కొనేది మనం. చీటీల తక్కువ పడితే నీకేం నొప్పి?" అన్నడు. ఆయనకు మొదటినాడే ఎరికనట. సోమవారం మీ మనిషిని గేటుకాడనే వాపసు పంపిండు. మంగళారం అదే గేటు నాకు చూపించిండు.

పోనీ. తెలిసినంక గూడ ఆ కుర్చీల కూసుంటే, లారీలోళ్లన్న మాట నిజమైతుండె.

ఇట్లు, మొగులయ్య

మళ్లీ: మేనేజరు మీ కంపెనీకి ఉత్తరం రాసిండట. 4.2 మస్తు మంచిగున్నది, ఎన్నడు మార్చకుండ్రి అని. దానికి అద్దం కట్టించి గోడకు పెట్టుకోండ్రి.