మొహం మీదే కాదంటానట

బుధవారం, రాత్రి

ఈ క్రిమినల్ జస్టిస్ లీడర్‌షిప్ ఎమ్మేలో నన్ను చేర్పించింది మా ఇన్‌స్పెక్టరే. తనూ చేరాడు. పగలంతా స్టేషన్‌లో చూసే మొహమే సాయంత్రం ఆన్‌లైన్ క్లాసులోనూ నా ఫోన్‌లో ఉంటుంది.

పై అధికారి తప్పు చెబితే కాదనడం ఎలా అన్నది ఇవాళ్టి పాఠం. ప్రొఫెసర్ మా అనుభవాలు అడిగారు. నాకు మునెమ్మ గుర్తొచ్చింది. మొగుడు చెయ్యి విరగ్గొడితే కట్టుతో పొద్దున తుంబలహళ్లి పల్లె నుంచి స్టేషన్‌కు వచ్చింది. అంతా అరవం మాట్లాడే చోట నా నోట తెలుగు విని, ఇంక కదల్లేదు. "అక్కా, నీకు చెప్తే ఇంట్లో చెప్పుకున్నట్లుంది. నువ్వే రాసుకో" అంది. ఇన్‌స్పెక్టర్ ఫిర్యాదు రాయనివ్వలేదు. ఆ మొగుడు ఆయనకు కావలసినవాడు. రేపు రాసుకుంటానని చెప్పి పంపించాను. ఎందుకు చెప్పానో!

క్లాసులో నేను నోరు తెరిచేలోపే ఇన్‌స్పెక్టర్ అందుకున్నాడు.

"మా ఎస్సై నాకు మొహం మీదే కాదని చెప్తుంది సార్. కావాలంటే అడగండి."

ప్రొఫెసర్ అడిగారు. "అవును సార్" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు.

క్లాసు అయిపోగానే ఆయన ఫోన్.

"రేపు ఆ పిల్లను నువ్వే రాజీకి ఒప్పించి పంపేయమ్మా. మీ తెలుగులో చెబితే వింటుంది."

ఆ మాట మాత్రం నిజం. నేను చెబితే వింటుంది.