ఎరుపు అద్దని పువ్వు

హానోవర్

అమ్మకు, నా దగ్గు పూర్తిగా తగ్గింది, వేళకు తింటున్నాను, బెంగపడకు.

వదినా, చదవడం ఒక్క క్షణం ఆపి అమ్మకు ఈ కార్డు వెనకవైపు బొమ్మ చూపించు.

అది రెండున్నర వందల ఏళ్ల నాటి లంగా. ఇంగ్లీషు రాజు మీద అమెరికాలో తిరుగుబాటు జరిగినప్పుడు, ఆ రాజు తరఫున జర్మన్ సైనికులూ వెళ్లి పోరాడారు. వాళ్లలో ఒకడు దీన్ని అక్కడినుంచి భార్యకు తెచ్చాడట. బట్ట మాత్రం మన బందరు రేవులో ఓడెక్కిందని ఇక్కడి మ్యూజియంలో, ఆ యుద్ధం మీద పెట్టిన ప్రదర్శనలో రాశారు. అంచు దగ్గర ఒక పువ్వుకు ఎరుపు లేదమ్మా. దిష్టి తగలకుండా నువ్వు కలంకారీ అద్దేటప్పుడు ప్రతి దుప్పటికీ ఒకటి వదిలేస్తావే, అచ్చం అలాగే! నాకు కన్నీళ్లు ఆగలేదు.

"యుద్ధం చూద్దామని తీస్కొస్తే లంగా చూసి ఏడుస్తున్నవేందే!" అని నా రూమ్మేటు ప్రగతి ఆటపట్టించింది.

అది దిష్టికి వదిలారో, మరిచిపోయారో ఇక్కడ ఎవరికీ తెలియదు. నీకు ఆ అలవాటు ఎవరు నేర్పారు, అమ్మమ్మేనా? మన వీధిలో ఇంకెవరైనా వదులుతారా?

మొన్న ఫోన్లో "మా అద్దకం మేస్త్రి అది తప్పంటన్నాడే, ఇకనించి అదీ అద్దేత్తాలే" అన్నావు. అద్దొద్దమ్మా. ఈ బొమ్మ ఆయనకు చూపించి, ఇదీ తప్పేనా అని అడుగు.

నాన్న మోకాలికి నూనె రాస్తున్నారా? పాపకు పళ్లు వచ్చాయా?

చలికాలానికి నాకో దుప్పటి అద్ది పంపు. మేస్త్రి ఒప్పుకోకపోయినా, నా దుప్పటికి మాత్రం ఆ పువ్వు వదులు. ఇంత దూరంలో నాకు దిష్టి తీసేవాళ్లు లేరు.

నీ చేతులకు ముద్దులతో,
హైమ