వారానికి నలభై మైళ్లు

ప్రొద్దుటూరు, 1955, శనివారం

మస్తాన్ నాకు అబద్ధం చెబుతున్నాడని ఇవాళ తేలింది. నేను అనుకున్న అబద్ధం మాత్రం కాదు.

మైలు పందేనికి నేను తయారు చేస్తున్న మనిషి అతను. పగలంతా మగ్గం పని. వారానికి నలభై మైళ్లు చాలని నేనే చెప్పాను. నేనిచ్చిన పరుగుల లెక్క పుస్తకంలో నలభై అనే రాస్తున్నాడు, కానీ నెల రోజులుగా వేగం తగ్గిపోతోంది. ఎగ్గొడుతున్నాడేమోనని, సాయంత్రం మా బడిలో డ్రిల్లు పీరియడు అయ్యాక జమ్మలమడుగు రోడ్డు మీది టీకొట్టు ఆయన్ను అడిగాను.

"మస్తానా? పొద్దున్నే ఒకసారి, మాపటేళ ఒకసారి పోతాండాడు సార్."

అరగంటకు మస్తానే కుంటుతూ ఎదురొచ్చాడు.

"వారానికి ఎన్ని మైళ్లు?" అన్నాను.

"డెబ్బై, సార్. నాతో పోటీకొచ్చే పులివెందులాయన నూరు ఉరుకుతాండాడంట. నలభైతో నేను యాడ గెలుస్తా?"

ఆ నూరు సంగతి ఎవరు చెప్పారంటే వంగి మడమ రుద్దుకున్నాడు. కర్నూలులో రాష్ట్ర జట్టు ఎంపికకు ఇంకా పది రోజులే ఉంది. ఇతని కాళ్లు పాడుచేయడానికే ఎవరో ఆ మాట చెవిన వేశారని నా అనుమానం. మూడు రోజులు పరుగు మానమన్నాను.

"సరేలే సార్" అన్నాడు, నా ముఖం చూడకుండా.

రేపు తెల్లవారకముందే సైకిలు తీసుకుని ఆ రోడ్డు మీదికి పోతాను.