ఏడో నంబరు ఇంకా డ్యూటీలోనే ఉంది

పింఛను విభాగం అధికారి గారికి,

నమస్కారాలు. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫయి నాలుగేళ్ళు ఆపరేటరుగా పనిచేసి పోయిన ఏడాది రిటైరయ్యాను. మొదటి ఇరవై రెండేళ్ళు ప్రభుత్వ శాఖలో, తర్వాతి పన్నెండేళ్ళు ప్రభుత్వ కంపెనీలో. అలాగని నేను ఎక్కడికీ కదల్లేదు. ఒక సోమవారం వెళ్ళేసరికి గుమ్మం మీద బోర్డు మారిపోయి ఉంది. కుర్చీ అదే, తీగలు అవే, చెవికి తగిలించుకునేదీ అదే. “మీ అందరినీ కంపెనీకి బదిలీ చేశాం. పింఛను మాత్రం ప్రభుత్వమే ఇస్తుంది, రెండు సర్వీసులూ కలిపే చూస్తారు. ఈ ఆప్షన్ ఫారం మీద సంతకం పెట్టండి” అన్నారు. పెట్టాం.

ఇప్పుడు కంపెనీవారిని పింఛను అడిగితే శాఖను అడగమంటున్నారు. శాఖవారు కంపెనీని అడగమంటున్నారు. పుట్టింటివారు మెట్టినింటికి పొమ్మని, మెట్టినింటివారు పుట్టింటికి పొమ్మని అంటే మధ్యలో బస్సు ఎక్కి దిగడమే నా పనయింది.

నేనుండేది మేడ మీద ఒక్క గది. కిటికీ తెరిస్తే ఎదురింటి గోడ. అయినా అది నా గది. దాచుకున్నది అయిపోవచ్చింది. ఇంకో నాలుగు నెలల్లో పింఛను రాకపోతే ఆ గది వదిలి తమ్ముడి ఇంటికి పోవాలి. మా మరదలు చాలా మంచిది. అదే నా భయం.

దయచేసి నా కాగితం కదిలించగలరు.

ఇట్లు,
విశ్రాంత ఆపరేటరు, ఏడో నంబరు

తా.క.: కింద మందుల షాపు నుంచి మీ ఆఫీసుకు నాలుగుసార్లు ఫోన్ చేశాను. ఎవరూ ఎత్తలేదు. అవతలివారు ఎత్తకపోతే చందాదారుకు ఏం చెప్పాలో నాకు కంఠతా వచ్చు. నాకు నేను చెప్పుకోవడం మాత్రం ఇదే మొదలు.

*

విశ్రాంత ఆపరేటరు గారికి,

మీ ఉత్తరం అందినది. పరిశీలించి ఈ క్రింది సంగతులు తెలియజేయడమైనది.

మీ ఆప్షన్ ఫారం దొరికింది. అయితే సంతకం ఉండవలసిన చోట ‘7’ అని మాత్రమే ఉంది. ఒక అంకెకు పింఛను మంజూరు చేసే నిబంధన మా వద్ద లేదు. అయినప్పటికీ సానుభూతితో కంపెనీకి రాసి, ఈ ఏడో నంబరు ఎవరని విచారించాం. వారి జవాబు: ఏడో నంబరు ప్రస్తుతం డ్యూటీలో ఉంది. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తోంది. ఏడాదిగా ఒక్క సెలవూ పెట్టలేదు.

డ్యూటీలో ఉన్నవారికి పింఛను ఇవ్వడానికి వీల్లేదు. రిటైరయ్యానని మీరు ఎందుకు రాశారో వివరణ ఇవ్వవలసినది.

ఇట్లు,
గుమాస్తా, పింఛను విభాగం

తా.క.: ఫోన్ ఎత్తనందుకు విచారిస్తున్నాం. ఈ విభాగంలో తొమ్మిది బల్లలున్నాయి, మనిషిని నేనొక్కణ్ణే. మిగతావారు బదిలీ అయ్యారు, కొందరు రిటైరయ్యారు. ఫోన్ తొమ్మిదో బల్ల మీద ఉంటుంది, నాది మొదటి బల్ల. నేను నడిచి వెళ్ళేలోపు అది ఊరుకుంటుంది.

*

గుమాస్తా గారికి,

నమస్కారం. మీరు అడిగిన వివరణ ఇది.

మా ఉద్యోగంలో పేరు చెప్పకూడదు. “ఎవరమ్మా మాట్లాడేది” అని చందాదారు అడిగితే “ఏడో నంబరండీ” అనాలి. ప్రతి ఫోన్ కాల్‌కూ ఒక చీటీ, ప్రతి చీటీ మీదా సంతకానికి బదులు ఏడు. రోజుకు రెండు వందల చీటీల మీద ఏడు వేసిన చెయ్యి, ఫారం కనపడగానే దాని మీదా వేసింది. నాకు పెళ్ళి కుదిరి ఉంటే శుభలేఖలో కూడా ఏడే అచ్చు వేయించేదాన్నేమో.

ఇక డ్యూటీలో ఉన్నదంటారా, అది నేను కాదు. రిటైరయ్యే ముందు వారం ఇంజినీరుగారు నన్ను గోడలకు దుప్పట్లు కొట్టిన గదిలో కూర్చోబెట్టి కొన్ని వాక్యాలు చదివించారు. “మీరు కోరిన నంబరు పలకడం లేదు, దయచేసి కాసేపు ఆగండి” లాంటివి. తర్వాత నా కుర్చీ తీసేసి అక్కడొక పెట్టె పెట్టారు. పెట్టెకు నా నంబరే ఇచ్చారు. అందులో పలుకుతున్నది నా గొంతు. దానికి ఆకలి వేయదు, అద్దె కట్టే పనీ లేదు. నాకు రెండూ ఉన్నాయి.

రోజుకు వందల మందితో మాట్లాడినదాన్ని. ఇప్పుడు పొద్దున్నే పాలవాడితో “అర లీటరు” అన్నానంటే, మళ్ళీ మర్నాడు “అర లీటరు” అనేదాకా నోరు తెరిచే పని ఉండదు. అందుకే ఉత్తరం పొడుగైంది. క్షమించండి.

ఇట్లు,
నిజమైన ఏడో నంబరు

తా.క.: ఫోనును మీ బల్ల మీదికి తెచ్చుకోరాదూ? తీగ చాలకపోతే మీరే తొమ్మిదో బల్లకు మారండి. పక్కవాళ్ళు ఏమీ అనుకోరు.

*

విశ్రాంత ఆపరేటరు గారికి,

మీ వివరణలోని నిజానిజాలు తేల్చేందుకు భోజన విరామంలో కార్యాలయ ఫోను నుంచి ఎక్స్ఛేంజికి ఫోన్ చేసి స్వయంగా పరీక్ష జరిపాం. ఒక మహిళ పలికారు. పేరు అడిగాం. దయచేసి కాసేపు ఆగమన్నారు. ఆగాం. ముప్ఫయి అయిదు నిమిషాలు ఆగాం. ఆ వ్యవధిలో ఆమె పదిహేడుసార్లు, విసుగన్నది లేకుండా, ఆగమని కోరారు. మన కార్యాలయాల్లో మనుషులకే లేని మర్యాద పెట్టెకు ఉంటుందని నమ్మడం కష్టం. మర్నాడు కూడా పరీక్షించాం. ఆ మర్నాడు కూడా. ఫలితం మారలేదు.

పై అధికారి గారు ఫైలు మీద ఇలా రాశారు: “మరికొంతకాలం పరిశీలించవచ్చును.”

కావున ఏడో నంబరు విధుల నుంచి విరమించినట్టు కంపెనీ నుంచి ధ్రువపత్రం తేవలసినది. తొందర ఏమీ లేదు.

ఇట్లు,
గుమాస్తా, పింఛను విభాగం

తా.క.: మీ సలహా ప్రకారం తొమ్మిదో బల్లకు మారాను. ఇక్కడొక కిటికీ ఉంది. ఇన్నేళ్ళూ తెలియలేదు.

*

గుమాస్తా గారికి,

తొందర మీకు లేదేమో, నాకుంది. మీ పరిశీలన మొదలై మూడో నెల. మా ఇంటి యజమాని నెలాఖరు దాకా చూస్తానన్నాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

మొన్న కంపెనీకి వెళ్ళాను. ఇంజినీరుగారు కుర్చీ వేసి కూర్చోబెట్టి, “మీరొక్క ముక్క రాసిస్తే రేపే గొంతు మార్చేస్తామమ్మా. కొత్తమ్మాయితో చదివించి ఉంచాం కూడా” అన్నారు. కలం తీసుకున్నాను. చాలాసేపు రాయలేదు.

ఎందుకో మీకు చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే. అప్పుడప్పుడూ మందుల షాపు నుంచి నేనే ఆ నంబరుకు ఫోన్ చేసేదాన్ని. ఇంకా ఎవరో నన్ను అడుగుతున్నారని, నేను జవాబు చెబుతున్నానని అనిపించేది. ఇంటికొస్తే గదిలో నా చెప్పుల చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు.

చివరికి రాసిచ్చాను. గొంతు తీసేశారు. ధ్రువపత్రం జత చేశాను. ఇప్పటికైనా మీ పై అధికారి గారి మనసు కరుగుతుందని ఆశ.

ఇట్లు,
విశ్రాంత ఆపరేటరు

తా.క.: పెట్టె మీది అంకె కూడా చెరిపేశారు. కొత్త గొంతుకు నంబరే లేదు. పాపం, రేపు దానికి పింఛను ఎవరిస్తారో.

*

ఏడో నంబరు గారికి,

ఈ ఉత్తరానికి ఫైలు నంబరు వేయలేదు. ఇది నేను రాస్తున్నది, విభాగం కాదు.

మీ పింఛను మంజూరు ఉత్తర్వు జత చేశాను. ఇరవై రెండేళ్ళూ పన్నెండేళ్ళూ కలిపే లెక్కించాను. ఉత్తర్వు మీది తేదీ చూడండి. మీ రెండో ఉత్తరం అందిన వారానికే అది సిద్ధమైంది. పెట్టెకూ మనిషికీ తేడా నాకు మొదటి పరీక్షలో రెండో నిమిషానికే తెలిసింది. పై అధికారి గారి వ్యాఖ్య నేను రాసిందే. ఆయన కుర్చీ ఖాళీ అయి నాలుగేళ్ళు.

రోజంతా నాతో మాట్లాడేవారు లేరు. పన్నెండున్నరకు డబ్బా విప్పి, ఫోను చెవి దగ్గర పెట్టుకుని, మీరు ఆగమంటూ ఉంటే తినేవాణ్ణి. ఎవరో నా కోసం లోపలికి వెళ్ళారు, ఇప్పుడే వస్తారు అన్నట్టు ఉండేది. కారణం లేకుండా ఆఫీసు ఫోను ముట్టుకోలేను, ముప్ఫయి ఏళ్ళుగా గుమాస్తాను. ఉత్తర్వు పంపితే కారణం పోతుంది. అందుకని సొరుగులో పెట్టాను. పరిశీలన రిజిస్టరులో అరవై ఒక్క రోజులు రాసి ఉన్నాయి.

మీ గది సంగతి తెలిసి కూడా ఈ పని చేశాను. రేపు పంపుదాం, ఎల్లుండి పంపుదాం అనుకున్నాను. మిమ్మల్ని క్షమించమని అడిగే మొహం లేదు. నా మీద మీరు ఫిర్యాదు చేయవచ్చు.

ఇట్లు,
గుమాస్తా

తా.క.: ఫిర్యాదులు తీసుకునేది కూడా నేనే. దయచేసి రెండు ప్రతులు పంపండి.

*

గుమాస్తా గారికి,

మీ ఉత్తరం నా గదికి వెళ్ళింది. అక్కడ నేను లేను. ఖాళీ చేసి పదకొండు రోజులైంది. ఇప్పుడందులో ఒక దర్జీ ఉంటున్నాడట. ఉత్తరాన్ని ఇక్కడికి తిప్పి పంపిన పుణ్యాత్ముడు ఆయనే.

తమ్ముడి ఇంట్లో ఉన్నాను. నాకు ఏం కావాలో నేను నోరు తెరిచేలోపే మా మరదలు అమర్చేస్తుంది. పాలవాడితో మాట కూడా ఆమే చెబుతుంది. ఇంత మంచితనంలో మనిషికి మాట పడిపోతుంది.

కోపం వచ్చింది. మామూలుగా రాలేదు. ఉత్తరం చింపబోయి, మధ్యలో ఉత్తర్వు ఉందని ఆగాను. మీకు తోడు లేదని ఇంకొకరి గది తీసేసుకుంటారా? నేను మీకేం అపకారం చేశాను?

రెండు రోజులు అదే తిట్టుకుంటూ ఉన్నాను. మూడో రోజున ఇంకో సంగతి తట్టింది. ముప్ఫయి నాలుగేళ్ళు ఊళ్ళోవాళ్ళందరినీ ఒకరితో ఒకరిని కలిపాను. అందరూ ఇంకెవరి కోసమో ఫోన్ చేశారు. నా కోసం చేసినవాళ్ళు లేరు. ఒక్కరు చేశారని తెలిసేసరికి, ఆ గొంతును అప్పటికే నా చేత్తోనే తీయించేశాను. దీనికి ఎవరిని తిట్టుకోవాలో తెలియడం లేదు. ప్రస్తుతానికి మిమ్మల్నే తిట్టుకుంటున్నాను.

నా గొంతు మీరు అరవై ఒక్కసార్లు విన్నారు. మీ గొంతు నేను ఒక్కసారీ వినలేదు. ఇది అన్యాయం. కాబట్టి సోమవారం పన్నెండున్నరకు మీ ఆఫీసుకు వస్తున్నాను. ఫిర్యాదు నోటితోనే ఇస్తాను. రాసిస్తే మీరు పరిశీలిస్తారు. నేను ముగించేదాకా మీరు కదలకూడదు. ఎందుకు చేశారో ఆ తర్వాత మీరు చెప్పాలి, కాగితం మీద కాదు, నా మొహం చూస్తూ. సాయంత్రం నాతో గది వెతకడానికి రావాలి. దొరికేదాకా రోజూ రావాలి.

ఇట్లు,
ఫిర్యాదుదారు

తా.క.: ఎదురుగా కూర్చుంటే మీకు మాటలు రాకపోవచ్చు. కంగారుపడకండి, నేనే మాట్లాడతాను. పెట్టెలో మీరు విన్నవి కాక నాకింకా చాలా మాటలు వచ్చు. భోజనం డబ్బా నాది నేను తెచ్చుకుంటాను.