రెండో విమానం

సూరత్

అక్కకు,

నీ చెల్లెలు స్వప్న నమస్కారాలు. నువ్వు, బావ, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది? నాకు ఒంట్లో బాగానే ఉంది, ముందు అది నమ్ము. ఈ మధ్య ఫోనులో పొడిపొడిగా మాట్లాడుతున్నానని కోప్పడ్డావు. నోటితో చెప్పలేకే రాస్తున్నాను. అమ్మకు వినిపించకు.

ఇక్కడ వానలు తగ్గి ఉక్కపోత మొదలైంది. కొన్ని నెలల కిందట ఒక మధ్యాహ్నం విమానాశ్రయం టవర్‌లో మైకు దగ్గర నేనే ఉన్నాను. రెండు ప్రయాణికుల విమానాలు ఒకదాని వెనక ఒకటి దిగడానికి వస్తున్నాయి. శిక్షణలో ఉన్న ఒకమ్మాయి చిన్న విమానంలో ఒంటరిగా ఎగురుతోంది. రెండో విమానం వెళ్లాక దాని వెనక దిగమన్నాను. కనిపిస్తోందని జవాబిచ్చింది. ఆమెకు కనిపించింది మొదటిది. దాని వెనక్కి మళ్లి, సరిగ్గా రెండోదాని దారిలోకి వచ్చేసింది. పెద్ద విమానాన్ని వెంటనే పైకి లేవమన్నాను, అమ్మాయిని కుడికి తిరగమన్నాను. ఇద్దరూ చెప్పినట్టే చేశారు. ఢీకొనలేదక్కా. కానీ పెద్ద విమానం వెనక రేగే సుడిగాలి చిన్నదాన్ని తలకిందులు చేసింది. రొయ్యల చెరువుల పక్కన పడింది. అమ్మాయి దక్కలేదు.

రేడియోలో ఇంగ్లీషే మాట్లాడతాం కాబట్టి తెలుగుపిల్ల అని నాకు తెలియలేదు. పేరు శ్రావణి. వాళ్లకు ఇక్కడే ఉధ్నాలో మరమగ్గాలున్నాయి.

విచారణ ముగిసేదాకా నన్ను డ్యూటీ నుంచి తప్పించారు. బమ్రోలిలో చిన్నమ్మ దగ్గరే ఉన్నాను. పాపం, రోజూ ఏదో ఒకటి వండి ముందు పెట్టేది. అలాగే వదిలేసేదాన్ని. చివరికి నా తప్పు లేదన్నారు. అది విన్నాక కూడా మనసు కుదుటపడలేదు.

అంతలో శ్రావణి వాళ్లమ్మ నన్ను చూడాలని కబురు పెట్టింది. "పోకు బిడ్డా, ఏమంటరో ఏమో" అంది చిన్నమ్మ. అయినా వెళ్లాను. కింద మగ్గాలు ఆడుతున్నాయి, పైన ఆమె ఒక్కతే కూర్చుని ఉంది.

"నా బిడ్డ భయపడ్డదా?" అని అడిగింది.

"లేదమ్మా. చెప్పంగనే తిరిగింది."

"మల్ల ఎట్ల పడ్డది?"

సుడిగాలి సంగతి చెప్పాను. పెద్ద విమానాన్ని పైకి లేవమన్నది నేనేనని కూడా చెప్పాను. దాచి ఆ ఇంట్లో కూర్చోలేకపోయాను. ఆమె మొహం పక్కకు తిప్పుకుంది.

"ఆ పెద్ద విమానంల పిల్లలు గిట్ల ఉండిరా?"

"ఉండే ఉంటరు."

"వాళ్ల తల్లులకు ఎరుకనా, ఏమైందో?"

వాళ్లకేమీ తెలియదన్నాను. విమానం మరో చుట్టు తిరిగి దిగాక, ప్రయాణికులు ఆలస్యమైందని విసుక్కుంటూ సామాన్లు తీసుకుని వెళ్లిపోయారట.

"తెల్వకుంటేనే మంచిది" అంది. నీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగేదాకా నా పక్కనే నిలబడింది.

సోమవారం నుంచి మళ్లీ మైకు దగ్గరికి వెళ్లాలి. బావను అడిగి నాలుగు రోజులు వచ్చి నా దగ్గర ఉండగలవా? వచ్చేటప్పుడు కాస్త మామిడికాయ తొక్కు తీసుకురా. అమ్మకు, అత్తమ్మకు నా దండాలు. పిల్లలకు ముద్దులు. ఆ కుర్చీలో నా గొంతు వణకకూడదని దీవించు.

నీ చెల్లెలు,
స్వప్న