ముక్కుతో వెతికే రాబందు

అక్కా, నీకు ముందే తెలుసా?

నువ్వు వెళ్ళిపోయి మూడేళ్ళు దాటాయి. ఎలా ఉన్నావని అడగలేను కాబట్టి, ఇన్నాళ్ళుగా మోస్తున్న ఈ ప్రశ్నే అడుగుతున్నాను. రిపోర్టు రాకముందే, డాక్టరు నోరు విప్పకముందే, నీ ఒంటి వాసన నీకు అందిందా?

వార్డులో అడుగుపెట్టగానే ఏ మంచం మీది మనిషి ఇక నిలవడో చెప్పేదానివి. “నర్సుకి ముక్కే సగం డ్యూటీ. రిపోర్టు రేపొస్తుందే, వాసన ఇయ్యాలే వచ్చేసింది” అనేదానివి. అందుకే డ్యూటీ రోజున మల్లెపూలు, పౌడరు ఏవీ ముట్టేదానివి కాదు. చిన్నప్పుడు అమ్మ ఎండుచేపలు కొనేముందు మనిద్దరినీ వాసన చూడమనేది, గుర్తుందా? ఆ ముక్కు నాకూ ఉంది. కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పుకునేదానికి దాంతో పనేముందిలే అనుకున్నాను...

బావగారు ఇప్పుడు పక్షుల్ని చూస్తున్నారు. నవ్వకు. ఏడాదిపాటు ఢిల్లీ మయూర్ విహార్‌లోని మీ ఫ్లాటు దాటని మనిషి, ఒకరోజు బైనాక్యులర్స్ కొనుక్కొచ్చారు. ఇక ప్రతి ఆదివారం చర్చిలో ఆరాధన అవగానే డాబా మీదే. నేనూ ఇందిరాపురం నుంచి వెళ్తాను. ఘాజీపూర్ చెత్తకొండ మీద గద్దలు పొగలో లేచిన బూడిదలా తిరుగుతుంటాయి. మీ అమ్మాయి రూతు, టీ చల్లారిపోతోందని కిందినుంచి అరుస్తుంది: “పాపా, బస్ కరో, చాయ్ ఠండీ హో రహీ హై!” ఆయన వినిపించుకోరు.

పోయిన నెల ఫోన్లో ఒక రాబందును చూపించారు. టర్కీ వల్చర్ అట. మన దేశంలో లేదు, అమెరికా వైపు ఉంటుంది. ఎర్రటి బోడి తల. రెక్కలు కాస్త పైకెత్తి, తూలుతూ ఎగురుతుంది.

“మన గద్ద కంటితో వెతుకుతుందమ్మాయ్, ఇది ముక్కుతో. చచ్చిన జంతువు చెట్ల కింద కనపడకుండా పడున్నా పైనుంచే పసిగడుతుంది. మీ అక్కకి చుట్టమేమో!” అని నవ్వారు. నువ్వు పోయాక నీ మీద ఆయన వేసిన మొదటి జోకు అది.

అక్కడ గ్యాస్ పైపు కారుతున్నా ఆ పక్షులు వచ్చి పైన తిరుగుతాయట. గ్యాసులో కలిపే వాసన వాటికి శవం వాసనలా తోస్తుందట. అంటే చావు లేని చోట కూడా తిరుగుతాయన్నమాట...

నేనింకా ఆ మాట దగ్గరే ఉన్నాను. ఆయన బైనాక్యులర్స్ నా కళ్ళకు సరిచేయడానికి వంగారు. వచ్చింది. మగ్గిపోయిన సీతాఫలంలాంటి తీపి, దాని అడుగున ఇనుము. నువ్వు పోయాక నీ శాలువా మడతపెడుతూ నేను మొదటిసారి పోల్చుకున్న వాసన.

ఆయన భుజం మీద ఆ శాలువాయే ఉంది. దానిదేలే అని ఊపిరి పీల్చుకున్నాను.

ఈ ఆదివారం ఎండ ముదిరింది. శాలువా లేదు. వాసన ఉంది.

గాలి చెత్తకొండ వైపు నుంచి వీస్తోంది... అదేనేమో? ఒక గద్ద బాగా కిందికి దిగి మా నెత్తి మీదే తిరిగింది. ఆయన సంబరంగా దాన్ని చూస్తున్నారు. నేను ఆయన బెల్టుకి కొత్తగా పొడిచిన బెజ్జాన్ని చూస్తున్నాను.

ఒకసారి పరీక్షలు చేయించుకోండి బావగారూ... అంటే చాలు. కానీ అన్నేళ్ళు నీతో కాపురం చేసిన మనిషి, నేనెందుకు అంటున్నానో నా ముఖంలోనే చదివేస్తారు. ఇప్పుడిప్పుడే తలెత్తి ఆకాశం చూస్తున్నారు అక్కా.

నీ చివరి చలికాలంలో నన్ను దగ్గరికి రానిచ్చేదానివి కాదు. “దూరంగా కూర్చోవే, ఒళ్ళంతా చెమట” అనేదానివి. ఢిల్లీ జనవరిలో చెమటేమిటి? తెలిసే దాచావా? దాచి ఆ చలికాలాన్ని మాకిచ్చావా, లేక బతికే దారిని నువ్వే మూసేసుకున్నావా?

అది ధైర్యమైతే నేనూ నోరు మూసుకుంటాను. భయమైతే ఈపాటికే చెప్పి ఉండాల్సింది. ఏదో నాకెలా తెలుస్తుంది? ప్రార్థన చేశాను.

వచ్చే ఆదివారం వెళ్తాను, అది మాత్రం ఖాయం. చెబుతానా... తెలియదు. నేనింకా తేల్చుకోలేకపోతున్నాను.

నీ చెల్లి